పదిహేడో పేరు

తిప్పయ్య క్లబ్బు గేటు దగ్గర నిలబడి గోడమీది కాగితం చదువుతున్నాడు. చదవడం అయిపోయాక కూడా అక్కడే నిలబడ్డాడు. పాలిషు ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఆటకు వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా రాతిపొడి అంటుకునే ఉంది. అతని వెనక జట్టువాళ్ళు నలుగురు, ఎటు చూడాలో తెలియక, కట్టుకున్న బూటు లేసులనే మళ్ళీ కట్టుకుంటున్నారు.

ఓబులేష్ సైకిలు దిగి ఆ కాగితం చూశాడు. 'వచ్చే సీజనుకు అవసరం లేని ఆటగాళ్ళు' అని పైన. కింద ఐదు పేర్లు. మొదటిది తిప్పయ్యది.

కాగితాన్ని చిరగకుండా ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, క్లబ్బు గదిలోకి వెళ్ళాడు. కొత్త సెక్రటరీ ఈశ్వరి బ్యాట్లు లెక్కపెడుతోంది.

"ఇది మీరు అంటించినారా మేడం?"

"అవును సార్. తప్పులేమన్నా ఉండాయా? మీరు తెలుగు సార్ కదా, చూసి చెప్పండి."

"అక్షరాల్లో తప్పుల్లేవు. గోడకు అంటించడమే తప్పు."

"గోడకు కాకుంటే యాడ అంటించల్ల? నోటీసు బోర్డు లేదు కదా ఈడ."

"యాడా అంటించరు. ఇంటికి పోయి చెప్తారు."

ఆమె చేతిలోని బ్యాటు కింద పెట్టింది. "ఎవురింటికి?"

"పేరు తీసేసిన వాళ్ళింటికి. కూర్చొని, వాళ్ళు పెట్టింది తిని, అప్పుడు చెప్పల్ల. మా అన్న పన్నెండేండ్లు అట్లనే చెప్పినాడు."

ఈశ్వరి మెల్లగా అంది: "నాకెవురూ చెప్పలేదు సార్."

నిజమే. చెప్పవలసిన మనిషి లేడు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా తాడిపత్రికి వచ్చి, ఎవరూ పేరైనా వినని బేస్‌బాల్‌ను ఈ రాళ్ళ నేల మీద మొలిపించిన ఓబులేష్ అన్న వెంకటరాముడు, జనవరిలో జ్వరమని పడుకుని తొమ్మిదో రోజు లేవలేదు. ఆయన లేని క్లబ్బుకు తాను ఉండలేనని పాత అధ్యక్షుడు తప్పుకున్నాడు. పాలిషు ఫ్యాక్టరీ యజమాని చెన్నప్ప కొత్త అధ్యక్షుడయ్యాడు. యూనివర్సిటీకి సాఫ్ట్‌బాల్ ఆడి, ఆడపిల్లల హైస్కూలుకు ఆటల టీచరుగా వచ్చిన ధర్మవరం అమ్మాయిని సెక్రటరీని చేశాడు. ఆమె కుర్చీలో కూర్చున్న వారానికే జిల్లా సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే సీజను నుంచి జట్టుకు పదహారు మందే. మే ముప్పై ఒకటికల్లా, అంటే పోటీలు లేని ఈ ఎండాకాలంలోనే, పేర్లు అందాలి.

క్లబ్బులో ఉన్నది ఇరవై రెండు మంది. వాళ్ళలో ఓబులేష్ ఒకడు. బ్యాటరు వెనక గొంతుక్కూర్చుని బంతులు పట్టే క్యాచర్. వయసు ముప్పై మూడు. అన్నతో కలిసి చేసిన పనుల్లో అతనికి మిగిలింది ఆ ఒక్కటే. సాయంత్రం ఆ మాస్కు తగిలించుకుని కూర్చున్నంతసేపు, వెనకనుంచి "లేయిరా, బంతి పోతాంది" అన్న కేక ఇంకా వినిపిస్తుంది. అది పోగొట్టుకోవడం అతనికి ఇష్టం లేదు.

"అయితే నాతో రండి సార్," అంది ఈశ్వరి. "తిప్పయ్యన్న ఇంటికి ఈ పొద్దే పోదాము. ఏం తినాలో, ఎంత తినాలో మీరే చెప్పల్ల."

* * *

తిప్పయ్య భార్య హనుమంతమ్మ వాకిట్లోనే నిలబెట్టేసింది.

"ఏమ్మా, గోడకంటించినావంట. మా ఆయనేమన్నా సినిమా పోస్టరా?"

"తప్పయిపోయిందక్కా. మళ్ళా చెప్పేదానికి వచ్చినా."

"ఏం చెప్తావు మళ్ళా? ఉంచుకుంటామనా?"

"కాదు. తీసేసినామనే."

హనుమంతమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. "అబద్ధమైతే ఆడవులే. రా, కూర్చో. సంగటి తింటావా, చేతులు కాలతాయా?"

సంగటి వేడిగానే ఉంది. ఈశ్వరి చేయి కాలినా మొహం కదల్చకుండా తింది. ఓబులేష్ మజ్జిగ గ్లాసు ఆమె వైపు జరిపాడు. తిప్పయ్య అదంతా చూసి నోరు విప్పాడు. "నా భుజం పోయినేడే పోయింది మేడం. నాకు తెలుసు. నాతోనే చెప్పుంటే నేనే సరే అందును. అందరి ముందర చదువుకోవాల్సొచ్చింది, అంతే."

బయటికొచ్చి సందు చివరిదాకా నడిచారు.

"ఆకలి తీరిందా మేడం?" అన్నాడు ఓబులేష్.

"సిగ్గు తీరింది," అంది ఆమె. ఆ తర్వాత ఇద్దరికీ నవ్వు వచ్చింది. నాలుగు నెలల తర్వాత తన నవ్వు తనకే కొత్తగా వినిపించి, ఓబులేష్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

* * *

మిగిలిన నలుగురి ఇళ్ళకూ అలాగే వెళ్ళారు. యాడికి అనే ఊరికి పోయే బస్సులో సీటు దొరకక, ఇంజను పక్కన నిలబడి పోయారు. కిటికీ బయట దున్నిపెట్టిన చేలు, వానకోసం ఎర్రగా పడి ఉన్నాయి.

"మీరు ఎవురి పేరు తీసేసినా కళ్ళద్దాలు తుడుచుకుంటారు సార్."

"దుమ్ము."

"ఇంట్లో గూడా దుమ్మేనా?"

"తాడిపత్రిలో యాడైనా దుమ్మే మేడం."

"అట్లయితే నేనూ ఒక జత కొనుక్కుంటా," అని ఆమె కిటికీ వైపు తిరిగింది. అద్దంలో ఆమె నవ్వు కనిపించింది. అతను చూడనట్టే చూశాడు.

సాయంత్రాలు క్లబ్బు గదిలో బల్లమీద కాగితపు ముక్కలు పరిచి జట్టు కట్టేవారు. ముక్కకొక పేరు. సిమెంటు ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు పడే ఇద్దరు సాయంత్రం ఆటలకు రాలేరు, వాళ్ళ బదులు ఎవరు? బంతి విసిరే పిచర్లు ముగ్గురు సరిపోతారా? వాదించుకునేవారు. ఆమె గెలిస్తే వేలితో బల్ల తట్టేది. అతను గెలిస్తే, "మీ అన్న లెక్కనా ఇది, మీ లెక్కనా?" అని అడిగేది. మొదట్లో ఆ ప్రశ్న గుచ్చుకునేది. తర్వాత తర్వాత, అతను ఆగి ఆలోచించి, "నాదే," అనడం మొదలుపెట్టాడు.

ఐదుగురు పోగా పదిహేడు ముక్కలు మిగిలాయి. ఇంకొకటి తీయాలి. క్యాచర్లు ఇద్దరున్నారు: ఓబులేష్, ఆంజనేయులు. ఆ రెండు ముక్కల దగ్గరికి వచ్చేసరికి ఈశ్వరి, "పొద్దుపోతాంది సార్, రేపు చూద్దాము," అనేది. ఎన్నో రేపులు గడిచాయి.

ఓబులేష్‌కు అర్థమైంది. ఏదో ఒక సాయంత్రం ఆమె తన ఇంటికి వస్తుంది. అతను రోజూ గ్రౌండు నుంచి రాగానే నవారు మంచం మీది పుస్తకాలు తీసి, ఉతికిన దుప్పటి పరచడం మొదలుపెట్టాడు. తల్లి లక్ష్మీనరసమ్మ మూడు రోజులు చూసింది.

"ఎవురొస్తారప్పా?"

"క్లబ్బు మేడం వస్తాదేమోమ్మా."

"వచ్చి?"

"నన్ను తీసేసినామని చెప్తాది."

"దానికి దుప్పటెందుకు?" అని, కొడుకు మొహం చూసి, ఆమె ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళి బెల్లం ఉందో లేదో చూసుకుంది.

ఈశ్వరి రాలేదు. మే ఇరవై తొమ్మిదో తేదీ క్లబ్బు గదిలో టైపు చేసిన జాబితా కనిపించింది. రెండో పేరు ఓబులేష్. ఆంజనేయులు పేరు లేదు. బయట గ్రౌండులో ఆంజనేయులు, ఇవేవీ తెలియక, ఎండలో వంగి బంతులు పడుతున్నాడు.

ఓబులేష్‌కు మొదట కలిగింది సంతోషం. ఆ సంతోషాన్ని చూసి తనకే భయమేసింది.

* * *

మర్నాడు సాయంత్రం ఆమె అద్దె ఇంటి తలుపు తట్టాడు. తీసింది ఆమె తండ్రి వెంకటప్ప. ధర్మవరంలో పట్టుమగ్గం నేసే మనిషి, బిడ్డను చూడడానికి వచ్చాడు.

"ఏమప్పా, గోడమీది కాగితం పీకిన అయ్యవారు నువ్వేనా?"

"నేనే పెద్దాయనా."

"రా, కూర్చో. నీ మాట వినీ వినీ నా చెవులు నొచ్చినాయి."

లోపలినుంచి వస్తున్న ఈశ్వరి ఆ మాటకు గడపలోనే ఆగిపోయింది. ఓబులేష్ చాపమీద కూర్చున్నాడు. ఆమె ఇచ్చిన నీళ్ళు తాగాడు. వెంకటప్ప పెట్టిన బొరుగులు పూర్తిగా తిన్నాడు. చేయి తుడుచుకుని అప్పుడు చెప్పాడు.

"మీరు మా ఇంటికి రాలేదు మేడం. అందుకే నేనే వచ్చినా. నా పేరు తీసేయండి."

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. "పేర్లు రాసేది నేను సార్."

"ఆంజనేయులు చెయ్యి చూసినారు కదా. కూర్చున్న చోటినుంచే అంత దూరం రెండో బేసుదాకా విసురుతాడు. నేను లేచి రెండడుగులు వేస్తే గాని విసరలేను."

"చూసినా. నా నోటుబుక్కులో గూడా రాసుకున్నా."

"మరి?"

"మీ పేరు తీసేస్తే మీరు గ్రౌండుకు రారు." ఆమె గొంతు తగ్గింది. "బడి, ఇల్లు. ఆ ఇంట్లో మీ అన్న కుర్చీ చూసుకుంటా కూర్చుంటారు. ఆ పని చేసే చెయ్యి నాది కాకూడదనుకున్నా. తప్పే. తెలిసే చేసినా."

ఓబులేష్ గ్లాసును చాపమీద కాస్త జరిపాడు. "నా మోకాలు రెండేండ్ల కిందే పోయింది. మా అన్నకు తెలుసు. అందరిండ్లకూ పోయినాడు గాని, నా దగ్గరికి వచ్చి మాత్రం చెప్పలేకపోయినాడు. ఆయనా ఇట్లనే తప్పు చేసినాడు." అన్న తప్పు గురించి పైకి అనడం ఇదే మొదటిసారి. అన్నాక, ఎందుకో, ఆ మనిషి ఇంకొంచెం దగ్గరైనట్టనిపించింది.

"జట్టుకు మేనేజరుగా ఉండండి సార్. చెన్నప్పన్నకు నేను చెప్తా."

"పదవొద్దు. ఊరికే వస్తా."

"ఊరికే ఎవురొస్తారు, ఈ ఎండకు?"

"నేనొస్తా." అతను తల ఎత్తాడు. "ఎందుకొస్తానో మీకు చెప్పల్లనుండాది. ఒక మాట అడగల్లని గూడా ఉండాది. ఆ కాగితంలో నా పేరున్నంతవరకు అడగలేను."

"ఎందుకడగలేరు?"

"ఇప్పుడు అడిగితే, పేరు ఉంచినందుకు బదులు అడిగినట్టుంటాది. మీరు సరే అంటే నలుగురూ మిమ్మల్ని అంటారు. ఆంజనేయులు జీవితాంతం అనుకుంటాడు. మీరు అట్ల మాటపడకూడదు."

వెంకటప్ప బొరుగుల పళ్ళెంలోకి చూస్తూ గొంతు సవరించుకున్నాడు. తర్వాత చొక్కా జేబులోంచి పెన్ను తీసి, మూత తిప్పి, కూతురి వైపు చాచాడు.

"తీసుకోమ్మా. నాకు మళ్ళా బస్సుకు పొద్దుపోతాది."

ఈశ్వరి సంచిలోంచి జాబితా తీసింది. కిటికీ గట్టుమీద పరిచింది. ఓబులేష్ పేరు మీద ఒకే గీత, వంకర లేకుండా గీసింది. దాని పైన ఆంజనేయులు పేరు రాసింది. సిరా ఆరేదాకా ఆగింది. కాగితం మడిచి తండ్రి చేతిలో పెట్టి, వచ్చి చాపమీద అతనికి ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు అడగండి సార్," అంది.