తాడుకు అవతలి చెయ్యి

హిజ్రీ పన్నెండు వందల పదకొండు, జుల్ ఖాదా పద్నాలుగు, గురువారం. తెల్లవారేసరికి గాలి చచ్చిపోయింది. మంచు ఎంత చిక్కగా పట్టిందంటే, తెరచాపల మీంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. మా ట్యూనిస్ రేవు ఇంకా పూట దూరం. వెనక మాల్టావాళ్ళ యుద్ధనౌకలు రెండు. కనబడవు, తెడ్ల చప్పుడు మాత్రం వినబడుతోంది. చిక్కామా, బతికినన్నాళ్ళూ ఆ తెడ్లకి గొలుసులతో కట్టేస్తారు.

"ఏమోయ్ పండితుడా, నీ వ్యాకరణం గాలి పుట్టిస్తుందా?" అన్నాడు నాయకుడు షాకిర్. నేను ట్యూనిస్‌లోని జైతూనా మసీదు బడిలో చదివినవాణ్ణి. అక్కడ పెట్టే బార్లీ గంజి ఉందే... సరే, అది వేరే సంగతి.

గాలి లేకపోతే ఒకటే దారి. పడవలో చిన్న లంగరు ముందుకు తీసుకెళ్ళి దింపి కేకెయ్యాలి. ఓడ మీది వాళ్ళు దాని తాడు లాగితే ఓడ ముందుకు జరుగుతుంది. పడవలో వెళ్ళింది నా తమ్ముడు హమ్మూదా.

లాగేటప్పుడు పాటగాడు సుబైర్ పేర్లు పిలుస్తాడు. పిలిచినవాడు "ఉన్నా!" అంటాడు, అందరం లాగుతాం. సముద్రంలో పోయినవాడి పేరు పాటలోంచి తీసేస్తాం.

ఆవేళ కంగారులో, పడవ నుంచి కేక రాకముందే పాట ఎత్తుకున్నాడు సుబైర్. నోరు జారాడు.

"మసూద్!"

మసూద్ పోయిన చలికాలమే మునిగిపోయాడు. మా చేతులు ఆగిపోయాయి.

ముందు, మంచులోంచి...

"ఉన్నా!"

తాడు బిగిసింది. ఓడ కదిలింది. నడిసముద్రంలో, అప్పుడే తవ్విన గోతి వాసన.

"అన్నా..." తమ్ముడి గొంతు. "లంగరింకా మా కాళ్ళ దగ్గరే ఉంది. తాడెవరు లాగుతున్నారు?"

"మళ్ళీ పిలువు," సుబైర్‌తో గుసగుసలాడాడు షాకిర్.

"అయ్యా, మా తమ్ముడు..."

"ఇక్కడున్నవాళ్ళు ఎవరి తమ్ముళ్ళోయ్? పిలవరా సుబైర్!"

పిలిచాడు. పలికింది. తాడు మీద మాలో ఎవరి చెయ్యీ లేదు. ఓడ పోతూనే ఉంది. వెనక తెడ్ల చప్పుడు సన్నబడింది... ఆగిపోయింది.

సుబైర్ ఏడుస్తూ, అలవాటుగా తరవాతి పేరు అనేశాడు. "హమ్మూదా!"

"ఉన్నా..."

మసూద్ పలికిన చోటు నుంచే.

మంచు విడేసరికి ఎదురుగా రేవు. పడవ లేదు. తాడు పైకి లాగాం. చివర పొడిగా ఉంది. వెచ్చగా ఉంది.

షాకిర్ తన మంచం మీదే పోయాడు. ఓడ కొడుక్కి, ఆలివ్ తోట కూతుళ్ళకి వచ్చాయి. మా నాన్న ఇంట్లో నా వాటా నాకు దక్కింది. తమ్ముడి వాటా దగ్గర ఖాజీ అడిగాడు: "పిలిస్తే పలికాడా?"

ప్రమాణం చేసి అబద్ధమాడలేం. "పలికాడు."

"అయితే చచ్చిపోయాడని ఎలా అనను?"

తమ్ముడి భార్య జొహరాకి ఏమీ రాలేదు.