విజయేందర్ నాడి అంకె

మా క్లినిక్‌లో పొద్దున్నే టీ తాగుతూ చేసే పని ఒకటుంది. గుండెకు పంపు అమర్చుకుని ఇంటికెళ్ళిన వాళ్ళు ఫోన్లో ఫోటోలు పంపుతారు. నడుముకు కట్టుకునే కంట్రోలర్ తెర మీది నంబర్ల ఫోటోలు. పంపు ఎంత వేగంగా తిరుగుతోంది, రక్తం ఎంత పారుతోంది, ఎంత కరెంటు లాగుతోంది. నాలుగోదాన్ని మేం నాడి అంకె అంటాం. మనిషి సొంత గుండె ఇంకా ఎంత కొట్టుకుంటోందో అది చెబుతుంది. అవి చూసి నేను నీళ్ళు తాగమంటాను, మాత్ర తగ్గించమంటాను, లేదంటే ఉన్నపళంగా రమ్మంటాను. సికింద్రాబాద్ మొత్తంలో నాలాగా నంబర్లు చదివే నర్సు లేదని నాకు కాస్త పొగరు కూడా. "ముఖంలో కళ లేదు మేడం" అనేవాళ్ళంటే చిరాకు. కళ చూసి వైద్యం చేసేటట్టయితే ఇక మేమెందుకు?

విజయేందర్‌కి మోండా మార్కెట్‌లో స్టీలు సామాన్ల కొట్టు. ఇల్లు మల్కాజ్‌గిరిలో. డిశ్చార్జి రోజు ఆయన భార్య హిమజ చేత ఆయన మణికట్టు పట్టించాను. ఏమీ తగల్లేదు. పిల్ల బెదిరిపోయింది.

"ఈ పంపున్న వాళ్ళకి నాడి చేతికి దొరకదమ్మా. భయపడొద్దు. నంబర్లు చూడు, చాలు" అన్నాను.

వానలు పట్టిన వారంలో ఆమె ఫోన్ చేసింది.

"చల్లగున్నడు మేడం. ఏం దింటలేడు. మాట్లాడుతలేడు."

ఫోటో తెరిచి చూశాను. నంబర్లు ఎప్పటికంటే బాగున్నాయి. "మందులకి మగతగా ఉంటుంది, పడుకోనివ్వు" అన్నాను.

మర్నాడు వాసన వస్తోందంది. పంపు వైరు పొట్టలోంచి బయటికొచ్చే చోట చీము పట్టిందేమో, కట్టు మార్చమన్నాను. నాడి అంకె ఇంకా పెరిగింది. విజయేందర్ గుండె కోలుకుంటోందని మా డాక్టర్ ఉదయ్ భాస్కర్‌కి సంబరంగా చెప్పాను.

ఆ పై రోజు విజయేందర్ తమ్ముడు హరికిషన్ ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి, ఒకటే మాట. "మేడం... చీమలు వస్తున్నయి."

డాక్టరూ నేనూ మధ్యాహ్నానికి వెళ్ళాం. గది తలుపు మూసి ఏసీ పెంచి పెట్టారు. కిటికీ రేకు మీద వాన పడుతోంది. గదంతా అగరుబత్తుల వాసన. దాని కింద ఇంకో వాసన... తడి గోనెసంచి కింద ఎలుక చచ్చినట్టు. మంచం మీద విజయేందర్ ఉన్నాడు. గడ్డం మీద జావ కారి ఎండిపోయింది. గిన్నె, చెంచా పట్టుకుని హిమజ పక్కనే కూర్చుంది.

ఆయన ఛాతీకి చెవి ఆనించాను. పంపు తిరుగుతోంది. సన్నగా, తుమ్మెదలా. నా చెంప కింద ఆయన చర్మం... జారింది.

డాక్టర్ ఈసీజీ తీగలు అంటించారు. గీత చదునుగా పోయింది.

"పోయి రెండు మూడు రోజులై ఉంటుంది, మాధురీ" అన్నారు గుసగుసగా.

"నాడి అంకె చాలా బాగుంది సార్..."

"చచ్చిన గుండెకి నాడేమిటి? మెషీన్ పాడైంది. ఆపెయ్."

ఆయన బతికుంటే, ఆపడమంటే చంపడమే. ఆపకపోతే ఆ పిల్ల శవానికి జావ తాగిస్తూ కూర్చుంటుంది.

"మీరే జెప్పిండ్రు గద మేడం" అంది హిమజ, నా చెవి దగ్గరికొచ్చి. "నాడి దొరకకుంటే భయపడొద్దని. నంబర్లు మంచిగనే ఉన్నయి గద?"

పంపు ఆపే బటన్ మీద వేలు పెట్టాను. నాడి అంకె ఒక్కసారిగా ఎగిరింది. బెదిరిన మనిషికి ఎగిరినట్టు. డాక్టర్ గోడ వైపు చూస్తున్నారు.

నొక్కాను.

చప్పుడు ఆగిపోయింది. వైరు పీకేసి, బ్యాటరీలు విడదీసి, అన్నీ సంచిలో వేసుకుని వచ్చేశాను.

మర్నాడు కంట్రోలర్‌ని స్టోరుకి అప్పగించడానికి బల్ల మీద పెట్టాను. క్లినిక్‌లో ఎండ పడుతోంది. బయట ఎవరో టోకెన్ కోసం గొడవ పడుతున్నారు. తెర వెలిగింది.

వెనక్కి తిప్పి చూశాను. బ్యాటరీ లేదు. వైరు లేదు.

వేగం సున్నా. ప్రవాహం సున్నా. నాడి అంకె మాత్రం ఉంది. నెమ్మదిగా, నిలకడగా, నిద్రలో ఉన్న మనిషిలా.

నేను చూస్తుండగానే అది పెరగసాగింది. ఇంకా... ఇంకా. పరుగెత్తి వచ్చినవాడికి కూడా నేనెప్పుడూ అంత చూడలేదు. హరికిషన్‌కి ఫోన్ చేశాను.

"శ్మశానంల ఉన్నం మేడం. ఇప్పుడే ముట్టించినం."

ఆపమని అరవాలి. నోరు తెరిచాను. ఆపితే... ఆ మంటలోంచి ఎవరిని దించుతారు? ఏ స్థితిలో దించుతారు? ఫోన్ పెట్టేశాను. నేను చేసిన పనుల్లోకెల్లా నీచమైనది అదే.

వెంటనే మళ్ళీ మోగింది. హిమజ. ఆడవాళ్ళని శ్మశానానికి తీసుకెళ్ళరు కాబట్టి ఇంట్లోనే ఉంది.

"మేడం" అంది. ఏడుపు లేదు. రోజూ అడిగినట్టే అడిగింది. "మంట మంట అని మొత్తుకుంటున్నడు. జెర ఏం జెయ్యాల్నో చెప్పుండ్రి."

ఆమె గొంతు వెనక, ఆ గదిలోనే, ఎవరో మూలుగుతున్నారు.