చావి మర్వకు బిడ్డా

కంచంలో పప్పన్నం ఇంకా సగం ఉంది. గేటు చప్పుడైంది. పూర్ణిమ కిటికీలోంచి తొంగిచూసి, గబుక్కున తల వెనక్కి తీసుకుంది.

"అమ్మా, సాలమ్మవ్వ మల్ల వచ్చింది," అంది గుసగుసగా.

"వస్తే ఏమైతది? తలుపు దీయి. నా చేతులకు పిండి ఉంది," అని వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

పూర్ణిమకు తలుపు తీయాలని లేదు. ఎందుకో చెబుతాను. ముందు సాలమ్మను లోపలికి రానివ్వండి, పాపం ఎండలో నిలబడింది.

సాలమ్మ నాచారంలో ఒక మందుల కంపెనీలో ఊడ్చే పని చేస్తుంది. డ్యూటీ దిగి, బస్సెక్కి, ఉప్పల్‌లో దిగి నడుచుకుంటూ వచ్చింది. కంపెనీలో పెట్టుకునే టోపీ ఎలాస్టిక్ గుర్తు నుదుటి మీద ఇంకా ఎర్రగానే ఉంది.

"బువ్వ తింటున్నవా బిడ్డా? తిను, తిను. తిన్నంక మా ఆయన గడియారం జర సూపిస్తవా? సూసి పోత, అంతే."

వాళ్లాయన పేరు కనకరాజు. ఆయనా, పూర్ణిమ వాళ్ల తాత గోపయ్యా ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద పనిచేశారు. కనకరాజు పోయాక సాలమ్మ ఆయన చేతి గడియారం తెచ్చి గోపయ్య చేతిలో పెట్టింది. "మాది రేకుల ఇల్లు. వానొస్తే కురుస్తది. నీ తాన ఉంటే ఇది బతుకుతదన్నా," అంది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం వచ్చి, ఆ గడియారాన్ని చెవికి ఆనించుకుని కాసేపు విని, చాయ్ తాగి వెళ్లేది.

పూర్ణిమ పప్పులో వేలు తిప్పింది. "బీరువా చావి దొరుకుతలేదవ్వా."

"అయ్యో! పోయినసారి గూడ గిదే అంటివి గదా. ఏడ వెట్టినవో మంచిగ యాది జేస్కో."

"దేవులాడుతున్న అవ్వా."

చావి అంటే తాళంచెవి. అది పోలేదు, పాడూ లేదు. నల్లదారానికి కట్టి పూర్ణిమ మెడలో, స్కూలు చొక్కా లోపల భద్రంగా ఉంది. అబద్ధం చెబుతుంటే చల్లగా గుండెకు తగులుతోంది కూడా!

సాలమ్మ లేచి బీరువా దగ్గరికి వెళ్లింది. తలుపుకి చెవి ఆనించింది. "ఏం సప్పుడు వస్తలేదు," అని తనలో తాను అనుకుంది. ఆ రోజు చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఆ బీరువా నిండా గడియారాలే. తాత చేతి కింద చేరినవి. ఎవరైనా పాత గడియారం పారేస్తామంటే చాలు, "ఆగుర్రి, ఆగుర్రి, పారెయ్యకుర్రి" అంటూ మల్లాపూర్ దాకా సైకిల్ తొక్కేవాడు. ఒకటి అద్దం పగిలింది, ఒకటి ముల్లు విరిగింది, ఒకటి పట్టీయే లేదు. అన్నీ పాతకాలపువి. బ్యాటరీ ఉండదు. పక్కనున్న చిన్న బొడిపెను తిప్పితేనే నడుస్తాయి.

తాత వాటిని మెత్తటి పాత చీరల మీద వరుసలు వరుసలుగా కట్టి ఉంచాడు. రోజుకో వరుస చొప్పున తిప్పేవాడు. "అన్నీ ఒక్కనాడే తిప్పేస్తే ఒడిసిపాయె గదా తాతా?" అని పూర్ణిమ అడిగితే, "పలకరిచ్చుడు గూడ ఒక్కనాడే ఒడగొడ్తమా పిల్లా?" అనేవాడు. బీరువా తలుపు తీయగానే, రేకుల మీద సన్నని వాన పడినట్టు టిక్ టిక్ టిక్ టిక్. పూర్ణిమ ఆయన ఒళ్లో తల పెట్టుకుని ఆ వాన వింటూ నిద్రపోయేది.

పోయిన వానాకాలం తాతకు జబ్బు చేసింది. దవాఖానాలో మంచం మీద పడుకునే, మొలతాడుకున్న బీరువా చావి విప్పించి పూర్ణిమ అరచేతిలో పెట్టాడు. "గడియారాలు ఇగ నీయి బిడ్డా. చావి మర్వకు," అన్నాడు. తర్వాత ఆయన పెద్దగా మాట్లాడలేదు. ఇంటికీ రాలేదు.

ఇక మొదలైంది చూడండి పూర్ణిమ కాపలా! చుట్టాలు అడిగితే లేదంది. తాత పోయాక చాన్నాళ్లు రాని సాలమ్మ, పోయిన శుక్రవారం మళ్లీ వచ్చి అడిగినా లేదంది. క్లాస్‌మేట్ కీర్తన వచ్చి, "ఒక్కసారి చూపించవే, ముట్టుకోను, ప్రామిస్," అని బతిమాలినా లేదంది. "మా నాయన నీకే చావి ఇచ్చి పోయిండు. ఇగ నువ్వు ఎవ్వలకు ఆగవు," అని వాళ్ల డాడీ గోవర్ధన్ నవ్వేవాడు. తాను కూడా తెరిచేది కాదు. స్కూలు నుంచి రాగానే తాళం కన్నం దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చేది, అంతే.

సాలమ్మ వెళ్లిన కాసేపటికి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"సాలమ్మక్క ఏది? చాయ్ పెడుతుంటిని గదా!"

"పోయింది. చావి దొరుకుతలేదని చెప్పిన."

"దొరుకుతలేదా? మరి నీ మెడల ఉన్నదేందే?"

పూర్ణిమ తల వంచుకుంది. అమ్మ కొడుతుందేమో అనుకుంది. అమ్మ కొట్టలేదు. పక్కన కూర్చుంది.

"ఎందుకే గట్ల చెప్పినవ్? పాపం, ఎంత దూరంకెల్లి వచ్చింది ఆమె!"

"బీరువా తెరిస్తే తాత వాసన పోతదమ్మా." అంతే, పూర్ణిమకు ఏడుపు వచ్చేసింది. "కొబ్బరినూనె వాసన, నశ్యం వాసన... ఇప్పటికే మస్తు తక్కువైంది. అందరు తెరుస్తుంటే మొత్తం పోతది. ఇంక తాతది ఏం ఉండది."

అమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది. పూర్ణిమ జుట్టు సర్దింది.

"తాత నీకేం జెప్పిండే?"

"చావి మర్వకన్నడు. నేను మర్వలే. తానం జేసేటప్పుడు గూడ మెడలకెల్లి తీస్తలేను."

అమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఓ పిచ్చిపిల్లా! గీ చావి గాదే. గడియారాలకు చావి ఇచ్చుడు మర్వకన్నడు మామ!"

మన వైపు తాళంచెవినీ చావే అంటాం. గడియారాన్ని తిప్పడాన్నీ చావి ఇవ్వడమే అంటాం. పూర్ణిమకు ఆ రెండూ తెలుసు. కానీ తాళంచెవి చేతిలో పెట్టి "చావి మర్వకు" అంటే, పాపం ఏ పిల్లయినా ఏమనుకుంటుంది చెప్పండి?

పూర్ణిమ లేచి బీరువా తెరిచింది. తాత వాసన గుప్పుమని ముఖానికి కొట్టింది. ఇంట్లోకి వచ్చింది, కిటికీ వైపు పోయింది. అంతే. ఆపడానికి అది చేతికి దొరికేది కాదు.

లోపల ఒక్క గడియారమూ నడవడం లేదు. ఒకటి పదింటికాడ, ఒకటి మూడింటికాడ, ఎక్కడివక్కడే ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం ఆ బీరువాలో ఆమె ఎప్పుడూ వినలేదు.

"నేనే ఆపేసిన అమ్మా," అంది పూర్ణిమ. "తాత నన్ను నమ్మి ఇచ్చిండు. అన్నిటిని నేనే ఆపేసిన."

"ఏడుస్తే నడుస్తయా? తిప్పు."

పై వరుసతో మొదలుపెట్టింది. తాత నేర్పినట్టే, బొడిపె బిగుసుకోగానే ఆపేసింది. కొన్ని వెంటనే కదిలాయి. కొన్ని కాస్త ఊపాక కదిలాయి. కనకరాజు గడియారం మాత్రం కదల్లేదు. పసుపెక్కిన దాని ముఖం మీద ముళ్లు మొండికేసి నిలబడ్డాయి.

ఇది గనక పోతే సాలమ్మవ్వకు ఏం చెప్పాలి? ఈసారి ఏ అబద్ధం సరిపోతుంది?

చలికాలంలో గడియారం మొరాయిస్తే తాత దాన్ని పిడికిట్లో పెట్టుకుని కూర్చునేవాడు. లోపలి నూనె గట్టిపడుతుందట, వెచ్చదనానికి కరుగుతుందట. పూర్ణిమ దాన్ని ఎడమ పిడికిట్లో పెట్టుకుంది. కుడి చేత్తో హోంవర్క్ చేసింది. కుడి చేత్తోనే రొట్టె తింది. తుంచడానికి రెండో చేయి లేదు కాబట్టి అమ్మే తుంచి పెట్టింది. పడుకోబోయే ముందు అరచేతిలో ఏదో చిన్నగా కొట్టుకున్నట్టయింది. చెవి దగ్గర పెట్టుకుంది. టిక్... టిక్ టిక్.

"అమ్మా! బతికింది!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

మర్నాడు డాడీ స్కూటీ మీద మల్లాపూర్ తీసుకెళ్లాడు. సాలమ్మ ఇంటి సందులోకి బండి దూరదు. డాడీ సందు మొదట్లోనే ఆగాడు. పూర్ణిమ ఒక్కతే లోపలికి నడిచింది.

సాలమ్మ గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. "ఓయమ్మో, నువ్వేంది బిడ్డా గిట్ల వచ్చినవ్!" అని చాట పక్కన పెట్టింది.

పూర్ణిమ దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చింది. అవన్నీ మరిచిపోయింది. "చావి పోలేదవ్వా. నా మెడల్నే ఉండె. రెండుసార్లు నీకు అబద్ధం జెప్పిన," అనేసింది.

పూర్ణిమ రుమాలు విప్పి గడియారం ఆమె చేతికి పెట్టింది. మగవాళ్ల పట్టీ కదా, ఆ సన్నటి చేతికి వదులై మోచేతి దాకా జారింది.

"ఇయ్యాల దీనికి ఇంకా చావి ఇయ్యలే. నువ్వియ్యి అవ్వా."

"అమ్మో, నాకు రాదు బిడ్డా! ఆయన ఉన్నప్పుడు గూడ ఎన్నడు ముట్టలే. పాడుజేస్తనేమో."

"నేను జెప్త. మెల్లగ తిప్పు. బిగుసుకోంగనే ఆపు, అంతే."

గరుకైన ఆ వేళ్లు భయంభయంగా తిప్పాయి. సాలమ్మ దాన్ని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది. చాలాసేపటికి గడియారాన్ని తీసి పూర్ణిమ చెవి దగ్గర పెట్టింది.

"అవ్వా, నాకు తాత మస్తు యాదికొస్తుండు," అంది పూర్ణిమ.

"రానియ్యి బిడ్డా, రానియ్యి. యాదికొస్తే ఏం గాదు. నాకు రోజు వస్తడు మా ఆయన."

పూర్ణిమ ముక్కు తుడుచుకుంది. "వానకాలం దాకా ఇది నీ తాననే ఉంచుకో. రోజు పొద్దుగాల చావి ఇయ్యి. వానలు పడితే నేనొచ్చి తీస్కపోత. శుక్రవారం మాత్రం నువ్వు మా ఇంటికి రావాలె. చాయ్ తాగాలె."

సాలమ్మ నవ్వి, మళ్లీ గడియారాన్ని చెవికి ఆనించుకుంది.

సందు చివర స్కూటీ హారన్ మోగింది. "ఇచ్చినవు గద బిడ్డా! ఇంకెంతసేపు? పోదాం పా!" అని డాడీ కేకేశాడు.

పూర్ణిమ గడప మీద సాలమ్మ పక్కనే కూర్చుంది. చాట దగ్గరకు లాక్కుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

"జర ఆగు డాడీ!" అంది. "అవ్వ ఇంకా ఇంటున్నది."