ఊకొట్టే ఇల్లు

సత్తెనపల్లిలో గుంటూరు రోడ్డు మీద, పత్తి మిల్లు దాటాక ఓ పాత పెంకుటిల్లు ఉండేది. దాన్ని అందరూ ఊకొట్టే ఇల్లు అనేవాళ్ళు. చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదు. విప్పితే లోపల్నుంచి — ఊఁ... అని వినబడుతుందట.

ఇది గాలికబురు కాదు. బండి వెంకయ్య స్వయంగా విన్నాడు. ఓ రాత్రి మిల్లుకి పత్తి బోరాలు తోలుకొస్తూ, నిద్ర ఆపుకోవడానికి, పెళ్ళాం తనని ఎన్నెన్ని మాటలందో ఎడ్లకి చెప్పుకుంటున్నాడు. సరిగ్గా ఆ ఇంటి ముందుకొచ్చేసరికి — ఊఁ. ఎడ్లు ఊకొట్టవు గదా. వెంకయ్య బండి దూకి పొలాలకడ్డం పడి పరిగెత్తాడు. ఎడ్లు మాత్రం తాపీగా నడిచి వెళ్ళి పత్తిని మిల్లులో అప్పజెప్పాయి. మా ఊరి ధైర్యమంతా ఎడ్లలోనే ఉందని అప్పట్నుంచి ఓ మాట పుట్టింది.

ఆ ఇల్లు చలమయ్య పంతులుగారిది. పిల్లల కథలు రాసేవాడాయన. పొద్దుగూకితే ఊళ్ళో పిల్లలంతా ఆయన అరుగు మీదే ఉండేవాళ్ళు. కథ ఎంతసేపైనా చెప్పేవాడు గానీ, ఆయనకి ఒకటే పట్టింపు. వినేవాళ్ళు ఊకొట్టాలి. ఊకొట్టడం ఆగిందా, కథ అక్కడే ఆగిపోయేది. "మీరు ఊఁ అనకపోతే పులి కూడా కదలదురా" అనేవాడు.

పందొమ్మిది వందల యాభై నాలుగులో ఆయన పోయాడు. భార్య మాణిక్యమ్మ ఇంటికి తాళం పెట్టి, వెనక వీధిలో తమ్ముడింటికి చేరింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఈ ఊఁ మొదలైంది.

ఇక మాలకొండయ్య సంగతి. తాలూకా ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం ఐదు దాటితే రచయితా ఆయనే, దర్శకుడూ ఆయనే. పగలు ఫైలు నడిపించే వేగంతోనే రాత్రి నాటకాన్నీ నడిపించేవాడు. ఏటా ఒంగోలు నాటక పోటీలకి వెళ్ళడం, ప్రోత్సాహక సర్టిఫికెట్టు పుచ్చుకు రావడం మూడేళ్ళుగా జరుగుతోంది. జనానికి స్థాయి లేదని ఆయన అభిప్రాయం.

ఈసారి స్థాయి ఇంకా పెంచాడు. పంతులుగారి జీవితాన్నే నాటకంగా రాశాడు. పేరు మౌనలేఖిని. ఐదంకాలు, నాలుగు గంటలు. మొదటి అంకంలో పంతులుగారు నిద్ర లేస్తారు. రెండో అంకంలో కలంలో సిరా పోస్తారు. మధ్యమధ్య కిటికీలోంచి చూస్తారు. చూసినప్పుడల్లా రెండు నిమిషాలు మౌనం. పంతులు వేషం వేసే రోశయ్య ఓ రిహార్సల్లో మూడో మౌనంలోకి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. కుర్చీలోనే గురకపెట్టాడు.

"పాత్రలో ఎంత లీనమయ్యాడో చూడండి" అన్నాడు మాలకొండయ్య.

అంతా బాగానే ఉంది గానీ, పోటీవాళ్ళు ఓ మెలిక పెట్టారు. నిజంగా బతికిన మనిషి మీద నాటకమైతే ఆ ఇంటివాళ్ళ సంతకం తేవాలి. గడువింకా రెండ్రోజులే ఉంది. సంతకం లేకపోతే ఈ ఏడు ప్రోత్సాహకం కూడా దక్కదు.

మాలకొండయ్య వెళ్ళేసరికి మాణిక్యమ్మ చేట ముందు పెట్టుకుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది.

"నాటకంలో పిల్లలెంతమందయ్యా?" అని అడిగింది.

"పిల్లలు లేరండీ పిన్నిగారూ. ఇది గంభీరమైన నాటకం."

"పిల్లల కథలు రాసినాయన నాటకంలో పిల్లలు లేరా? పోనీ, పులైనా ఉందా?"

"లేదండీ. కిటికీ ఉంది."

మాణిక్యమ్మ చాలాసేపు ఏమీ అనకుండా తొడిమలు తీసింది. మాలకొండయ్యకి ఆ మౌనం ఎందుకో నచ్చలేదు.

"నా ముందు చదివితే మొహమాటానికి బాగుందంటాను" అంది చివరికి. "ఆయనకే వినిపించు. తాళం తీసి ఉంచుతాను, చీకటి పడ్డాక ఆ ఇంటి వసారాలో కూర్చుని చదువు. కథంటే ఆయన ఊకొట్టకుండా ఉండలేడు. ఆఖరిదాకా ఊఁ అన్నాడా, పొద్దున్నే సంతకం పెడతాను."

మాలకొండయ్య దెయ్యాల్ని నమ్మడు. పగటిపూట అసలు నమ్మడు. సరేనన్నాడు.

రాత్రి రసూల్ తన కొట్లోంచి పెట్రోమాక్సు దీపం తెచ్చి వసారాలో వెలిగించాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళకీ నాటకాలకీ దీపాలు అద్దెకిచ్చేది అతనే. వెళ్తూ వెళ్తూ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించాడు.

"సగంలో మాత్రం ఆపమాక అన్నా. సగం కథ చెప్పి లేచినోణ్ణి ఊకొట్టేది వదలదంట. మా నాయనమ్మ చెప్పేది."

"నువ్వు ఉండవా?"

"ఐదంకాలన్నావుగా?" అన్నాడు రసూల్. "దెయ్యమంటే నాకు భయమేం లేదులే అన్నా..."

అతని చెప్పుల చప్పుడు రోడ్డెక్కి, దూరమై, ఆగిపోయింది. మిగిలింది దీపం బుసా, మాలకొండయ్యా. ఎదురుగా లోపలి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. తలుపు వెనక చిమ్మచీకటి.

కాగితాలు తీశాడు.

"తెర లేచును. పంతులు మంచముపై పడుకొని యుండును..."

చప్పుడు లేదు.

"పంతులు లేచును."

లోపల్నుంచి, సన్నగా — ఊఁ...

ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.  పారిపోదామనే అనుకున్నాడు, సంతకం గుర్తొచ్చింది. వణుకుతూనే ఇంకో ముక్క చదివాడు. మళ్ళీ — ఊఁ. మూడో ఊఁ వినబడేసరికి ఆయనలోని రచయిత లేచి కూర్చున్నాడు. దెయ్యమైతేనేం, ఊకొడుతూ వింటోంది. ఒంగోల్లో ఆ మాత్రం కూడా జరగలేదు. గొంతు సవరించుకున్నాడు.

"పంతులు కిటికీ వద్దకు పోయి నిలుచును. రెండు నిమిషములు మౌనము."

ఇంకొకడైతే ఆ ముక్క చదివి ముందుకి పోయేవాడు. మాలకొండయ్య చేతిగడియారం చూసుకుంటూ రెండు నిమిషాలూ నిజంగానే ఊరుకున్నాడు. కళలో అడ్డదారులుండకూడదని ఆయన సిద్ధాంతం.

మౌనం అయిపోయింది. తర్వాతి వాక్యం చదివాడు.

ఊఁ రాలేదు.

ఇంకో వాక్యం... రాలేదు.

గొంతు పెంచి ఇంకోటి చదివాడు. అప్పుడు చీకట్లోంచి మెల్లగా — గుర్ర్ర్...

కోపమా? ఆకలా? రోశయ్యది విన్న మనిషికి అది గురకేమోనని అనుమానం రావాలి. కానీ తన నాటకానికి గురక వస్తుందని ఏ రచయితా అనుకోడు. మాలకొండయ్య కాగితాలు చుట్టబెట్టాడు. లేవబోయాడు. రసూల్ మాట గుర్తొచ్చింది. సగంలో ఆపమాక అన్నా...

ఇంకెంతుందోనని కాగితాలు తిరగేసి చూశాడు. నాలుగంకాలకి పైనే ఉంది. తన నాటకం ఎంత పొడుగో ఆయనకి జన్మలో మొదటిసారి తెలిసొచ్చింది.

రోశయ్య కాళ్ళావేళ్ళా పడినా కామా తియ్యనివాడు, ఇప్పుడు గబగబా పేజీలు తిప్పేశాడు. మౌనాలన్నీ దాటేశాడు. రెండో అంకం పది మాటల్లో తేలింది. మూడో అంకంలో సిరా అయిపోయింది, అంతే. నాలుగో అంకంలో మళ్ళీ కిటికీ...

గుర్రు ఆగిపోయింది.

దీపం రెండుసార్లు కొట్టుకుని ఎర్రబడింది. గాలి కొట్టాలని తెలుసు, చెయ్యి లేవలేదు. అప్పుడు — చెవి పక్కనే అన్నట్టు — ఓ బొంగురు గొంతు అడిగింది.

"ఆ తర్వాత?"

మాలకొండయ్య కాగితం వైపు చూశాడు. ఐదో అంకంలోనూ కిటికీయే, ఆ తర్వాత ఏమీ లేదు. నూటఇరవై పేజీల్లో ఎక్కడా ఆ తర్వాత లేదు.

దీపం ఆరిపోయింది.

"ఆ తర్వాత..." చీకట్లోనే పేజీ తిప్పాడు. "ఆ తర్వాత... అనగనగా ఒక పులండీ..."

"ఊఁ."

ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ పులి. చిన్నప్పుడు ఆ అరుగు మీద కూర్చుని విన్న కథ. మిరప కల్లంలో ఎర్రగా ఆరబోసింది చూసి మాంసమనుకుంది పులి — ఊఁ — నోటినిండా కుక్కుకుంది — ఊఁ — నాలుక మండిపోయి ఊరంతా తిరిగి, ఓ ముసలమ్మ తలుపు తట్టి మజ్జిగ పొయ్యమంది — ఊఁ, ఊఁ — 'ఊరికే ఎలా వస్తుంది, చెంబు తెచ్చుకున్నావా' అంది ముసలమ్మ...

చీకట్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

అంతే, మాలకొండయ్య లేచి నిలబడ్డాడు. నాలుక బయటపెట్టి పులిలా గెంతాడు. ముసలమ్మలా దగ్గాడు. ఆయన కథకి ఒక మనిషి నవ్వడం అదే మొదలు. ఆ నవ్వింది మనిషి కాకపోవచ్చన్న సంగతి కూడా మర్చిపోయాడు. భయం పోయింది, ఒళ్ళంతా సంతోషం. పులికి మజ్జిగ తాగించి, కథని కంచికి పంపించి, కూలబడ్డచోటే నిద్రపోయాడు.

తెల్లవారి మిల్లు కూత వేసింది. లోపలి గది తలుపు కిర్రుమంది. మాణిక్యమ్మ చాప చుట్టుకుంటూ బయటికొచ్చింది. చెంప మీద చాప అచ్చులు పడి ఉన్నాయి.

"మీరా?" అన్నాడు మాలకొండయ్య.

"నేనే నాయనా. ఏడేళ్ళ నుంచీ నేనే. తోచని రాత్రుళ్ళు పెరటి తలుపు తీసుకుని వచ్చి పడుకుంటాను. ఆయన కథలు మర్చిపోతానేమోనని పైకి చెప్పుకుంటాను. ఊకొట్టేవాళ్ళుండాలి గదా, అదీ నేనే కొట్టుకుంటాను. ఆ బండి వెంకయ్య పెళ్ళాం సంగతి చెబుతుంటే ఆ పిల్లదే న్యాయమనిపించి, నోరాగక ఊఁ అన్నాను."

మాలకొండయ్యకి ప్రాణం లేచొచ్చింది. పగలు కూడా అయింది గనక ధైర్యంగా నవ్వాడు.

"భలే హడలగొట్టారండీ. ఊఁ ఆపేసి, ఆ గుర్రుమనడమేంటి, ఆపైన 'ఆ తర్వాత' అనడమేంటి. పులి కథకి మాత్రం బాగా ఊకొట్టారు. నవ్వారు కూడా."

మాణిక్యమ్మ చాప కింద పెట్టింది.

"పులి కథా? ఎప్పుడు చెప్పావు?"

"అదేంటండీ..."

"ఆయన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టావు చూడు, అక్కడే నాకు నిద్రపట్టేసింది. ఇదిగో, మిల్లు కూతకే లేచాను."

ఇద్దరూ లోపలి గదివైపు చూశారు. చాప పరిచిన మేర తప్ప నేలంతా దుమ్ము. దాని మీద అడుగులు ఆమెవే.

మాణిక్యమ్మ గడప మీద కూర్చుంది. 

"ఏడేళ్ళయ్యా. ఆయన రాసినవన్నీ వరసబెట్టి చెప్పాను. ఒక్కదానికి... ఒక్కసారైనా ఊఁ అనలేదు."

కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తోందో, మొగుడి మీద మండిపడుతోందో మాలకొండయ్యకి తెలీలేదు. ఆమె చెయ్యి చాపింది.

"ఆ సంతకం కాగితం ఇటు తే. నాటకంలో పులిని పెట్టు. ఆ కిటికీ మూసెయ్."

సంతకం పెడుతూ, తలెత్తకుండానే, లోపలికి వినబడేలా అంది.

"బతికున్నప్పుడూ ఇంతేగా. ఊళ్ళోవాళ్ళతో అయితే తెల్లార్లూ కబుర్లే. ఇంట్లో ఆడది ఎంత చెప్పనీ, ఒక్క ఊఁ ఉండదు."

లోపల్నుంచి, తప్పు ఒప్పుకున్నట్టు, మెల్లగా — ఊఁ...