సెలవులో ఉంది

అత్తగారి మీద కోడలికున్న ఫిర్యాదు ఒక్కటే: ఆవిడ మరీ మంచిది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు గోడ దగ్గర చేరి ఎవరి అత్తల్ని వాళ్లు ఏకిపారేస్తుంటే, తన వంతు వచ్చేసరికి ఈ కోడలికి చెప్పుకోవడానికి ఒక్క కష్టం కూడా ఉండేది కాదు. ‘మా అత్తయ్య నాకు తల దువ్వుతుంది’ అని ఎవరితో చెప్పుకుంటాం? చెబితే మర్నాటి నుంచి పిలవడం మానేస్తారు. మానేశారు కూడా. చివరికి ఒకరికొకరు ఆ ఇద్దరే మిగిలారు. అందుకు అత్తగారు బాధపడిన జాడ మాత్రం ఎక్కడా కనిపించలేదు.

ఆ ఉదయమూ మామూలుగానే తెల్లారింది. బల్ల మీద రెండు కాఫీ కప్పులు, వాటి మధ్య కోడలు సగం చదివి బోర్లించిన సస్పెన్సు నవల. హాల్లో ఫోను మోగబోయింది. మోగింది అనడం తప్పే. ఆ ఇంట్లో ఫోను రెండో గంట కొట్టిన పాపాన పోలేదు. అత్తగారు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పై ఊళ్ల ఫోన్లు కలిపే ట్రంక్ బోర్డు ముందు ఇరవై ఎనిమిదేళ్లు కూర్చుని వచ్చిన మనిషి. ఎక్కడున్నా మొదటి గంట పూర్తయ్యేలోగా రిసీవరు ఆవిడ చెవి దగ్గర ఉండేది. మాట్లాడాక ఓ చీటీ మీద నాలుగు గడులు గీసి, ఎవరు, ఎవరికి, ఎన్నింటికి, ఏం చెప్పాం అని రాసి పాత బిస్కెట్ల డబ్బాలో వేసేది.

“పాలవాడి ఫోనుకి కూడా రికార్డేనా అమ్మా?” అన్నాడు కొడుకు పేపరు చాటు నుంచి.

“నోరు తప్పు చెప్పినా చీటీ తప్పు చెప్పకూడదురా. మా సూపర్‌వైజర్ మాట అది.”

“నాకేమైనా ఫోనొచ్చిందా అత్తయ్యా?” అంది కోడలు. పన్నెండు రోజులుగా పొద్దున్నే అడుగుతున్న ప్రశ్నే.

“వస్తే చెప్పనూ? నువ్వు కాఫీ తాగు.”

నాలుగు గంటల రైలు ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్లో, పెద్ద గ్రంథాలయంలో ఉద్యోగం. పెళ్లయిన ఏడేళ్లకి కోడలు మొదటిసారి తనకోసం కోరుకున్నది అదొక్కటే. ఇంటర్వ్యూ బాగా జరిగింది. పదిరోజుల్లో ఫోను చేస్తామన్నారు. వారమంతా అక్కడే గది తీసుకుని ఉండి, సెలవు రోజుల్లో ఇంటికి రావచ్చని మొగుడు కూడా ఒప్పుకున్నాడు. “వెళ్లి రా అమ్మాయ్. నాకేం, ఒంటరితనం పాత చుట్టమేగా” అని అత్తగారూ దీవించింది.

ఆ ఉదయం కాఫీల దగ్గర పిట్ట కథ మళ్లీ మొదలైంది. పిట్టంటే ఎక్స్‌ఛేంజీలో పక్క కుర్చీలో కూర్చున్న స్నేహితురాలు. గొంతు అలా ఉండేదని అందరూ అలా పిలిచేవాళ్లట. ఇద్దరికీ ఒకే కేరియరు, ఒకే గొడుగు, ఒకే రంగు బట్టలు.

“ఒక్కనాడు సెలవు పెట్టి ఎరగదు అమ్మాయ్ అది. నేను బోర్డు మీదుంటే తనూ ఉండాల్సిందే. నాకు జ్వరమొచ్చి నాలుగు రోజులు సెలవు పెట్టాను, తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ! వెళ్తున్నానన్న మాటైనా లేదు. అలాంటి ద్రోహం పగవాళ్లకి కూడా వద్దు.”

“పోయినసారి, మీరు చూస్తుండగానే హెడ్‌ఫోను తీసి కొక్కేనికి తగిలించి వెళ్లిపోయిందన్నారు. సెలవులో ఉండి ఎలా చూశారు?”

“నవలలు చదివి చదివి నీకు అందరూ హంతకుల్లా కనిపిస్తున్నారు” అని అత్తగారు నవ్వుతూ తడి బట్టల బుట్ట ఎత్తుకుని మేడ మీదికి వెళ్లింది.

కోడలు ఇంక ఆగలేక తనే గ్రంథాలయానికి ఫోను చేసింది.

“మూడుసార్లు చేశామమ్మా, మీరు మనసు మార్చుకుంటారేమోనని” అన్నాడు గుమాస్తా. “మీకు ఇష్టం లేదని మీ ఇంట్లో పెద్దావిడ చెప్పారు. ఎంత మర్యాదగా మాట్లాడతారండీ ఆవిడ! జాబితాలో తర్వాతి అమ్మాయి నిన్ననే వచ్చి చేరిపోయింది.”

కోడలు రిసీవరు పెట్టేసింది. తర్వాత బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది.

వెతకాల్సిన పనే లేకపోయింది. మూడు చీటీలూ ముత్యాల్లాంటి అక్షరాలతో దొరికాయి. *ఎవరు: గ్రంథాలయం. ఎవరికి: కోడలికి. ఏం చెప్పాం: ఇష్టం లేదు.* నోటితో అంత అబద్ధమాడిన మనిషికి చీటీ మీద మాత్రం తప్పు రాయడానికి చెయ్యి రాలేదు.

కుప్పకి అన్నిటికంటే కింద, ఎక్స్‌ఛేంజీ ముద్ర ఉన్న చీటీ ఒకటి పసుపుపచ్చగా ముడుచుకుని ఉంది. అదే చేతిరాత, వయసొక్కటే తక్కువ. *ఎవరు: ఓడ మెకానిక్కు, రేవు నుంచి. ఎవరికి: పిట్టకి. ఏం చెప్పాం: సెలవులో ఉంది.*

ఒక్కనాడు సెలవు పెట్టి ఎరగని పిట్ట!

ఖాళీ బుట్టతో దిగివచ్చిన అత్తగారు బల్లని చూసి మెట్టు మీదే ఆగిపోయింది.

“గ్రంథాలయం వాళ్లతో మాట్లాడానత్తయ్యా. మూడుసార్లు ఫోను చేశారట.”

“అమ్మ మర్చిపోయి ఉంటుందిలే” అన్నాడు కొడుకు లేచి వస్తూ.

“నలభై ఏళ్ల కిందటి ఫోను నంబర్లు నిద్రలో లేపి అడిగినా చెప్తుంది మీ అమ్మ. మీరు ఊరుకోండి.”

అతను మళ్లీ పేపరు అందుకున్నాడు.

“నీ మంచికే అమ్మాయ్” అంది అత్తగారు. “కొత్త ఊరు, ముక్కూ మొహం తెలీని మనుషులు. ఒక్కదానివీ ఏం అవస్థ పడతావో అని...”

“పిట్టకి కూడా మంచే చేశారా?”

కోడలు పసుపు చీటీ ముందుకు తోసింది. అత్తగారు దాన్ని ముట్టుకోలేదు.

“గోడ దగ్గర అందరూ ఏడుస్తుంటే నేను గర్వపడేదాన్ని అత్తయ్యా. నాకు అత్త లేదు, స్నేహితురాలుంది అనుకునేదాన్ని. నేను వాకిలి దాటకుండా కాపలా కూర్చున్నారని తెలీలేదు. ఆ రోజు సెలవులో ఉన్నదెవరు? మీరా, పిట్టా?”

అప్పుడే ఫోను మోగింది. అత్తగారి చెయ్యి అలవాటుగా లేచి, గాలిలోనే ఆగిపోయింది. రెండో గంట కొట్టింది. మూడోది, నాలుగోది. ఎవరూ కదల్లేదు. ఆ ఇంటి ఫోను మొదటిసారి తనంతట తాను అలిసి ఆగిపోయింది.

అత్తగారు ఫోను పక్కన స్టూలు మీద కూర్చుని, కలం కోసం తడుముకుని, ఖాళీ చీటీ ఒకటి దగ్గరికి లాక్కుంది. గడులు గీయబోతున్న ఆ చేతిని కోడలు పట్టుకుంది.

“రాయొద్దు. రాతలో మీరెప్పుడూ నిజమే చెప్పారు. నోటితో చెప్పండి.”

అత్తగారు కలం కింద పెట్టింది.

“జ్వరం లేదు నాకు. బోర్డు మీదే ఉన్నాను. పిట్ట నా పక్కనే వేరే కాల్ కలుపుతోంది, దాని మోచెయ్యి నాకు తగులుతూనే ఉంది. అవతల ఆ అబ్బాయి... ‘రేపు ఓడెక్కుతున్నా, ఈ సాయంత్రం బండికి వచ్చేస్తే పెళ్లి చేసుకుని తీసుకెళ్తానని చెప్పండి’ అన్నాడు. అది వెళ్లిపోతే నా పక్కన ఎవరు కూర్చుంటారు అనిపించింది. సెలవులో ఉందని చెప్పాను.”

“తర్వాత?”

“ఆరు నెలలకి ఏ దేశం నుంచో ఉత్తరం రాశాడు. ‘నువ్వు సెలవులో ఉన్నావన్నారు’ అని. పిట్ట చదువుకుంది. నావైపు చూసింది. హెడ్‌ఫోను కొక్కేనికి తగిలించి వెళ్లిపోయింది.” ఆవిడ కళ్లు తుడుచుకోలేదు. “అదే నన్ను వదిలేసి పోయిందని అందరికీ చెప్పాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మాను.”

కోడలు ఓదార్చలేదు. పట్టుకున్న చెయ్యి మాత్రం ఇంకా వదల్లేదు, ఎందుకో ఆమెకే తెలియదు.

“నా ఉద్యోగం పోయిందత్తయ్యా.”

“తెలుసు” అంది అత్తగారు. “పిట్ట నాకు ద్రోహం చెయ్యలేదు. నేనే దానికి చేశాను. ఇప్పుడు నీకూ చేశాను. తప్పు నాదే అమ్మాయ్.”