దండెం మీద లేని గుడ్డలు

"తడిగుడ్డలు మడతపెట్టి పెట్టెలో కుక్కే ఆడదాన్ని నిన్నే చూశాను! ముక్కిపోయి కంపు కొడుతున్నాయి."

"నేను పెట్టలేదంటే వినరేం అత్తయ్యా? మీరే తెచ్చి కుక్కి నన్నంటారు."

"నేనా? నిన్న సాయంత్రమంతా ట్రస్టు ఆఫీసులోనే ఉన్నాను కదే!"

గుమ్మంలో ఎస్సై ఆగింది. వెనకే కానిస్టేబుల్. అత్తాకోడళ్ళ నోళ్ళు టక్కున మూతపడ్డాయి.

నిన్న సాయంత్రం ఆరుంపావుకి విత్తనాల షెడ్డు తగలబడింది. మంటలు ఆర్పాక బస్తాల వెనక కాపలా ముసలమ్మ శవం దొరికింది. జ్వరమొచ్చి పడుకుందని ఎవరికీ తెలియదు. బూడిదలో ఇంకా పెట్రోలు వాసన.

ఆ నేల ఏ ఒక్కరిదీ కాదు, ట్రస్టుది. తరతరాలుగా కూలి తప్ప జానెడు నేల ఎరగని ఇరవై కుటుంబాలు అక్కడ ఇళ్ళు కట్టుకున్నాయి, సాగు చేసుకుంటున్నాయి. పిల్లలకు ఇచ్చుకోవచ్చు. అందరూ ఒప్పుకుంటే తప్ప అమ్మడం మాత్రం కుదరదు. ఈ అత్తగారే ట్రస్టు అధ్యక్షురాలు.

"బ్రోకర్ని పట్టుకోండి మేడమ్," అంది ఆవిడ. "భూమి అమ్మమని మా చుట్టూ తిరిగేది వాడే."

"నిన్నంతా వాడు ఆసుపత్రి బెడ్ మీదున్నాడు. సీసీ కెమెరాలో చూశాం. ఇది లోపలివాళ్ళ పని."

మామగారి ఒళ్ళో పసిది పిల్లికూతలుగా ఊపిరి తీస్తోంది.

ఎస్సై మూలనున్న కొడుకు వైపు తిరిగింది. మెకానిక్. గోళ్ళ సందుల్లో గ్రీజు.

"మంట ఎక్కణ్ణించి చూశావు?"

"షాపులోంచి. తిన్నగా షెడ్డుకే పరిగెత్తాను."

"ఇంటికి రాలేదా?"

"టైమెక్కడిది మేడమ్?"

ఎస్సై పెట్టెలోంచి ఒక పొత్తిగుడ్డ తీసింది. "ఇవి ఎప్పుడు ఆరేశారు?"

"నిన్న ఐదింటికి," అంది కోడలు. "ఆరేసి, నేనూ మామయ్యా పసిదాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. వచ్చేసరికి దండెం ఖాళీ. అత్తయ్య తీశారనుకున్నా."

"నేను ఇది తీసిందనుకున్నా," అంది అత్తగారు.

"మీవారు?"

కోడలికి నవ్వొచ్చింది. "ఆయనా! దండెం ఏ వైపుందో కూడా తెలీదు ఆయనకి."

ఎస్సై నవ్వలేదు. "దారంతా చూస్తూ వచ్చాను. ప్రతి ఇంటి దండెం మీదా బట్టలు మసికొట్టుకుపోయాయి. వీటి మీద ఒక్క మసి చుక్క లేదు. మంట లేవకముందే తీశారు. ఆరకుండానే తీశారు. మసి పడబోతోందని ముందే తెలిసినవాళ్ళు తీశారు. పసిదానికి పొగ పడదా?"

"పుట్టినప్పట్నించీ ఆయాసం. ఆ వాసన తగిలినా చాలు..."

కోడలి మాట అక్కడే ఆగింది. మెల్లగా మొగుడి వైపు చూసింది.

అతను మొహం ఎత్తలేదు.

"లోపల ఎవరూ ఉండరనుకున్నానమ్మా. విత్తనాలే కదా అనుకున్నా. ఒక్క పంట పోతే అందరూ కాళ్ళబేరానికొస్తారు, అమ్మేద్దాం అంటారన్నాడు బ్రోకర్. మనకంటూ సొంతిల్లు..."

"ఇది సొంతం కాదట్రా?" అంది తల్లి.

కానిస్టేబుల్ అతని చెయ్యి పట్టుకున్నాడు. జీపు వెళ్ళిపోయింది.

అత్తగారు పొత్తిగుడ్డలన్నీ తీసుకెళ్ళి, నీళ్ళలో జాడించి, పెరట్లో ఒక్కొక్కటే దులిపి ఆరేసింది. గాలికి ఇంకా మసి రాలుతోంది. లోపలికొచ్చి, చేతులు తుడుచుకుని, మొగుడికీ కోడలికీ వినపడేలా మెల్లగా చెప్పింది.

"ముసలమ్మ మనవరాలు మూడేళ్ళుగా ఇంటికోసం ట్రస్టు వరసలో ఎదురుచూస్తోంది. ఈ ఇల్లూ, మన పొలం చెక్కా ఆ పిల్లకిచ్చేస్తున్నాం. మధ్యాహ్నం మీటింగులో చెప్పి, కుర్చీ కూడా వదిలేస్తాను."

"మరి మనం?" అన్నాడాయన.

"వరసలో నిలబడదాం. చివర్న."