ఇరవై నిమిషాలు కలిసొచ్చే దారి

పాడైన బళ్లను క్రేన్‌తో లాక్కొచ్చే పని నాది. ఇదివరకు లారీలన్నీ మా ఊరి మధ్యలోంచే పోయేవి. వారానికో ప్రమాదం. కాళ్లూ చేతులూ విరిగేవి, మనుషులు మాత్రం బతికేవాళ్లు. బైపాస్ పడ్డాక ఊళ్లో ఆ గొడవ తగ్గింది. బైపాస్ మీద నెలకొకటే. కాని అక్కణ్ణుంచి తెచ్చిన ఏ బండిలోనూ మనిషి మిగిలినట్టు నేను వినలేదు.

ఆ రోజు పొద్దున ఏడింటికి పోలీసులు పిలిచారు. నేనూ, క్రేన్ నడిపే మా బావమరిదీ బైపాస్ మీదికి వెళ్లాం. ఒకటే పొగమంచు. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దిందట ఓ కారు. లోపలున్న భార్యాభర్తల్ని అప్పటికే తీసుకెళ్లిపోయారు. ఇద్దరూ పోయారు.

బావమరిది గొలుసు తగిలిస్తుంటే, గేరు న్యూట్రల్‌లో పెడదామని నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. పెట్రోలు వాసన. దానిలోంచి సన్నగా పౌడరు వాసన.

తలుపు దానంతటదే పడింది.

తీయబోయాను. రాలేదు. అద్దాల అవతల తెలుపు తప్ప ఏమీ లేదు. గొలుసు చప్పుడు కూడా ఆగిపోయింది. బావమరిదిని పిలిచాను. నా కేక కారు దాటినట్టనిపించలేదు.

అప్పుడు నా చెవి పక్కనే, మెల్లగా, ఓ మగ గొంతు...

“బైపాస్ అయితే ఇరవై నిమిషాలు కలిసొస్తుంది.”

జవాబుగా నా పెదాలు కదలబోయాయి. నోరు మూసుకుందామనుకున్నాను. అది నా మాట వినలేదు.

“వద్దండీ,” అంది నా నోరు. “ఊళ్లోంచే పోదాం.”

కారు కదల్లేదు. కాని... వేగం తెలుస్తోంది. వీపు సీటుకి అతుక్కుపోయింది. మంచులో రెండు ఎర్రదీపాలు. దగ్గరికొస్తున్నాయి... ఛాతీ మీద ఏదో బిగిసింది. ఊపిరి ఆడలేదు.

భళ్లున అద్దం పగిలింది. బావమరిది నా చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చేశాడు.

రోడ్డు మీద కూలబడ్డాను. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

“తలుపుకి లాక్ కూడా పడలేదు బావా. ఎంత లాగినా రాలేదు. లోపల ఎవర్ని అండీ అంటున్నావు?”

క్రేన్‌ని ఊళ్లోంచి తిప్పమన్నాను.

ఇంటికొచ్చి చొక్కా విప్పితే మా ఆవిడ చూసింది. ఎడమ భుజం నుంచి కుడి నడుము దాకా, నల్లగా కమిలిన వెడల్పాటి చార. సీటు బెల్టు వెడల్పు. నేనసలు బెల్టు పెట్టుకోలేదు.

ఆవిడ దాని మీద వేలు ఆనించి చూసింది. డ్రైవరు బెల్టు కుడి భుజం మీంచి వస్తుందని ఆవిడకీ తెలుసు.

“మీరు పక్క సీట్లో కూర్చున్నారా?” మెల్లగా అడిగింది. “మరి బండి ఎవరు నడిపారు?”